పట్టు

లౌషా నుంచి గాజు ఊదే ఆర్నుల్ఫ్ వచ్చాడు.
క్రిస్మస్ గోళాలు సర్దుకునే డబ్బాలో,
దూదిలో పొదిగి, బొమ్మ ఆవిరింజను తెచ్చాడు.
"ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది, ముందుకు పోదు.
నూనె పోశాను. పోలేదు. ఇంకాస్త పోశాను."
పోసిన సంగతి తెలుస్తూనే ఉంది,
దూదంతా తడిసి పసుపెక్కింది.

నేనేమీ అనలేదు.
సోన్నెబెర్గ్ బొమ్మల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు
పట్టకారుతో చక్రాలకు రబ్బరు తొడిగినదాన్ని.
జారేదానికి నూనె పోసేవాళ్లను
బోలెడుమందిని చూశాను.

ఇంజనును పాత తువ్వాలు మీద వెల్లకిలా పడుకోబెట్టాను.
కడుపు కింద ఒకటే స్క్రూ.
పక్క కడ్డీలు విప్పి, కుడివి కుడికి, ఎడమవి ఎడమకి
వరసగా పేర్చాను. తారుమారైతే
రేపు చక్రాలు ఒకదానితో ఒకటి పేచీకి దిగుతాయి.
చివరి జత చక్రాల గాడిలో రబ్బరు ఉంగరం
ఎండిన ప్లమ్ తొక్కలా బిగుసుకుపోయి ఉంది.
బ్లేడు మొన తగిలిందో లేదో టక్కున విరిగింది.
దాని కింద నలభై ఏళ్ల మురికి,
ఎవరి గదిలోదో తివాచీ నూలుపోగు, ఎర్రది.
పంటిపుల్లతో గీకాను, స్పిరిటుతో తుడిచాను.

కిటికీ దగ్గర కూర్చుని అన్నయ్య ఫోల్క్‌మార్ చూస్తున్నాడు.
కొండ లైను మీద నిజం ఇంజను నడిపినవాడు.
"రబ్బరా!" అంటాడు ప్రతిసారీ, ఇప్పుడే విన్నట్టు.
"ఆకులు రాలే నెలలో పట్టాలు సబ్బుముక్కల్లా ఉండేవి.
మీట నొక్కితే చక్రం ముందు సన్నగా ఇసుక,
ఇనుము ఇనుమును కరిచి పట్టేది."
గాలిలోకి ఇసుక వదిలి చూపిస్తాడు.
వేళ్లు వణికి, కావలసినదానికన్నా ఎక్కువే రాలుతుంది.

అతని చేతికర్ర గోడకు ఆని ఉంది.
అడుగున రబ్బరు తొడుగు అరిగి చెక్క బయటపడింది.
మార్చుకోమని అక్టోబరు నుంచీ పోరుతున్నాను.
"నేనేమన్నా బొమ్మనా?" అంటాడు.

కొత్త ఉంగరం కంటికి ఆననంత చిన్నది.
ఒక అంచు గాడిలో పెట్టి, రెండో అంచు సాగదీసి,
ఊపిరి బిగబట్టి, వదిలేశాను.
మెలిక పడితే ఇంజను కుంటుతుంది. పడలేదు.

ఆర్నుల్ఫ్ అడిగాడు, "అన్ని చక్రాలకూ వేసేస్తే?"
వేస్తే కదలదని చెప్పాను.
రబ్బరున్న చక్రం లాగుతుంది కానీ కరెంటు అందుకోలేదు.
కరెంటు అందుకునేది బట్టతల ఇనుప చక్రమే,
అది లాగబోతే జారుతుంది.
ఒకటి తెస్తుంది, ఒకటి మోస్తుంది.
ఆర్నుల్ఫ్ తల ఊపాడు, వాళ్లావిడ గుర్తొచ్చినట్టు.

పలక చివర కింద పాత టెలిఫోను డైరెక్టరీ పెట్టి
ఎత్తు చేశాను. ఐదు పెట్టెలు తగిలించాను.
ఒక్క క్షణం ఆలోచించింది.
ఎక్కింది.
ఫోల్క్‌మార్ పెదాల మధ్య నుంచి సన్నగా కూత వచ్చింది.
తను వేసినట్టు అతనికే తెలియదు.

ఆర్నుల్ఫ్ వెళ్లాక అన్నయ్య కునుకు తీశాడు.
అదే స్పిరిటు, అదే గుడ్డ.
కర్ర కొన తుడిచి కొత్త తొడుగు తొడిగాను,
అరచేత్తో నొక్కి, తిప్పి, నొక్కి.

లేచి కర్ర నేలకు తాటించాడు. చప్పుడు రాలేదు.
"ఎవడు చేశాడిది?"
"ఆర్నుల్ఫ్," అన్నాను.
గొణుక్కుంటూ వీధిలోకి దిగాడు.

రాత్రి కురిసింది గాజులా గడ్డకట్టి ఉంది.
మున్సిపాలిటీ వాళ్లు పొద్దున్నే వచ్చి పోయినట్టున్నారు.
మంచు మధ్యలో, కర్ర మీద బరువంతా మోపి
నిటారుగా నిలబడి, వెనక్కి తిరిగి అరిచాడు:
"చూశావా? ఇసుక!"

చూశాను అన్నాను.